ఓడల పటంలో ఖాళీ పడవ

హసీనాకు ఆ రోజు కూర్చోవడం చేతకాలేదు. పీట మీద కూర్చుంటే పీట గుచ్చుకుంది, మంచం మీద కూర్చుంటే మంచమే తనను కిందికి తోసేస్తున్నట్టు అనిపించింది. కాలుగాలిన పిల్లి అంటారే, ఆ పిల్లయినా కాసేపు తిరిగి ఎక్కడో ఒక మూల పడుకుంటుంది. హసీనా మాత్రం తెల్లవారినప్పటి నుంచి వంటింట్లోకి, వాకిట్లోకి, మళ్ళీ వంటింట్లోకి తిరుగుతూనే ఉంది. చేతిలో ఫోను. ఆ ఫోనులో కొడుకు షాకీర్‌కు పెట్టిన మెసేజీలు, ప్రతిదాని పక్కనా ఒంటరి టిక్కు. రెండో టిక్కు పడితే వాడి ఫోను ఎక్కడో బతికి ఉన్నట్టు. అది పడటం లేదు.

షాకీర్ ఒమన్ పోయి రెండేళ్ళు దాటింది. పోయేటప్పుడు ఏసీ మెకానిక్కు పని అన్నాడు. చల్లటి గదుల్లో తిరగడమే, ఎండ కూడా తగలదన్నాడు. జమ్మలమడుగు ఎండలో పుట్టి, జమ్మలమడుగు ఎండలోకే కాపురానికి వచ్చిన హసీనాకు ఎండ తగలని ఉద్యోగం కంటే గొప్పది ఏముంటుంది? నమ్మేసింది. తీరా అరేబియా సముద్రంలో తుఫాను లేచిందని టీవీలో చెప్పిన మూడో రోజు సాయంత్రం, ప్రొద్దుటూరు నుంచి వాణ్ణి పంపిన ఏజెంటు ముదస్సిర్ ఫోన్ చేశాడు. పిల్లవాడు ఏసీ గదిలో లేడట. చిన్న సరుకుల ఓడలో, ఇంజను దగ్గర పని చేస్తున్నాడట. తల్లి భయపడుతుందని ఇంట్లో చెప్పొద్దన్నాడట. ఆ ఓడ తుఫానులో చిక్కుకుందట, మాట అందడం లేదట. ఒక్క ఫోనులో ఇన్ని 'అట'లు విన్న తల్లి ఎట్లా కూర్చుంటుంది?

మొగుడు అబ్దుల్ వాహిద్ మర్నాడు తెల్లారి మొదటి బస్సుకే ప్రొద్దుటూరు పోయాడు, ఏజెంటు ఆఫీసులో ఉంటే కబురు ముందుగా తెలుస్తుందని. పోతూ పోతూ, "నువ్వింట్లోనే కూచోమే. ఏమన్నా తెలిస్తే నేనే ఫోన్ చేస్తా" అన్నాడు. కూర్చోమని చెప్పేవాళ్ళకేం, లోకంలో కొదవ లేదు.

అసలు కడప జిల్లా మనిషికి నీళ్ళంటే పండగ. పెన్నలో నీళ్ళొచ్చాయంటే ఊరు ఊరంతా వంతెన మీదికి పోతుంది. మైలవరం డ్యాము గేట్లు ఎత్తారంటే చిత్రాన్నం కట్టుకుని పిల్లాజెల్లాతో పోయి చూసొస్తారు. నీళ్ళు మనిషిని మింగుతాయన్న సంగతి అక్కడ గుర్తుండదు. సముద్రాన్ని హసీనా కన్నులారా చూడనే లేదు. ఆమెకు తెలిసిన సముద్రం ఒక్కటే. అది వాళ్ళ నడవ గోడ మీద మేకుకు వేలాడుతోంది.

ఓడల పటం అంటారు దాన్ని ఇంట్లో. దొరల కాలం నాటిది. గుడ్డ మీద నూనె రంగులతో వేసింది. వెనక చెక్క మీద ఇంగ్లీషులో ఏదో పేరు, 1863 అనే అంకె ఉన్నాయి. ఇద్దరు మనుషులు పట్టుకుంటే గాని కదలని ఫ్రేము ఒకప్పుడు ఉండేదట, చెదలు తినేశాక ఇప్పుడున్న సన్న ఫ్రేము వేయించారు. పటం నిండా తుఫాను. పైన పొగచూరిన పెనం అడుగులాంటి ఆకాశం, కింద కొండల్లాంటి అలలు. ఎడమ వైపు ఒక పెద్ద ఓడ పక్కకు ఒరిగి మునుగుతుంటుంది. కుడి వైపు ఇంకో ఓడ, తెరచాపలు చిరిగి పీలికలై, ఇటో అటో తెలియకుండా నిలబడి ఉంటుంది. రెండింటికీ నడుమ, అల నెత్తి మీద, ఒక చిన్న పడవ. అందులో ఎవరూ ఉండరు. పడవ లోపలా, ఓడల అంచుల మీదా మసి పట్టినట్టు నల్లటి మరకలు మాత్రం ఉంటాయి.

ఆ పటం ఇంటికొచ్చిన కథ ఊళ్ళో అందరికీ తెలుసు. హసీనా మామ ఖాసిం సాహెబ్, స్వాతంత్ర్యం వచ్చాక కూడా పెన్న ఒడ్డునే ఉండిపోయిన ఒక దొర బంగళాలో వంటమనిషి. దొర చనిపోయాక దొరసాని తన దేశం పోతూ పనివాళ్ళను పిలిచి ఎవరికేం కావాలో అడిగింది. తోటమాలి ఆవు అడిగాడు, చాకలి బీరువా అడిగాడు. ఖాసిం సాహెబ్ భోజనాల గదిలో గోడ మీదున్న ఓడల పటం అడిగాడు. ఊరంతా నవ్వింది. ఆవు పాలిస్తుంది, బీరువా బట్టలు దాస్తుంది, ఈ పటం ఏమిస్తుందయ్యా అంటే, "సూస్తాంటే ఆకలి గాదు" అన్నాడట ఆ మహానుభావుడు. "ఆకలి గాకపోతే రేపట్నుంచి నేను వండను" అందట ఆయన భార్య గులాబ్‌బీ. ఆమె మాట నెగ్గలేదు. పటం గోడకెక్కింది.

తర్వాత ఏమైందో గాని, ఆ గులాబ్‌బీనే పటానికి కావలి కాసింది. ఇంకెవరినీ ముట్టనిచ్చేది కాదు. రంజాన్ నెల ముందు ఇంటికి సున్నం కొట్టేటప్పుడు, అందరినీ బయటికి పంపి తలుపేసుకుని, స్టూలెక్కి తనే తుడిచేది. అత్త గొప్పలే అనుకునేది హసీనా. తుంటి ఎముక విరిగి పులివెందులలో కూతురు రిహానా ఇంటికి పోతూ కూడా ముసలామె కోడలికి చెప్పిపోయింది ఒకే ఒక్క మాట: "పటం అమ్మొద్దు, పారేయొద్దు. వద్దనుకుంటే నాకు తెచ్చియ్యి."

షాకీర్ ఆ పటం కిందే పెరిగాడు. బువ్వ తినాలన్నా దాని కిందే, ఎక్కాలు చదవాలన్నా దాని కిందే. "అమ్మా, ఆ పడవలో వాళ్ళు యాడికి పోయినారు?" అని అడిగాడు ఒకసారి. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. "పోయినార్లే, యాడికో పోయినారు. నువ్వు బిన్నా తిను, బువ్వ చల్లారిపోతాది" అంది హసీనా. పిల్లలకు చెప్పే జవాబుల్లో సగం అట్లాంటివే. ఇన్నేళ్ళకు, ఈ పొద్దున, నడవలో పదోసారో ఇరవయ్యోసారో తిరుగుతుంటే ఆ జవాబు ఆమెకు ఎదురొచ్చి నిలబడింది. పోయినార్లే, యాడికో పోయినారు. నోట్లోంచి వచ్చిన మాటకు ఎవరైనా తథాస్తు అంటారని భయం. ఆ పటమే పిల్లవాడి కళ్ళలో సముద్రం పోసింది, ఆ పటమే వాణ్ణి లాక్కుపోయింది అనుకుంది. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. సముద్రంతో కొట్లాడటం ఎవరి వల్ల అవుతుంది? పటంతో కొట్లాడొచ్చు. స్టూలు లాగి, కొంగు బిగించి, పటాన్ని మేకు నుంచి దించింది.

దించాక ఏం చేయాలో తెలియలేదు. చించేస్తే అత్త శాపం, పారేస్తే మామ ఆత్మ. ఇంట్లో ఉంచితే తను బతకదు. పాత దుప్పట్లో మూటకట్టి, చంకన పెట్టుకుని, ఇంటికి తాళం వేసి బస్టాండుకు నడిచింది. ముందు ప్రొద్దుటూరు, ఏదైనా కబురుందేమో చూడాలి. తర్వాత సంగతి తర్వాత.

ప్రొద్దుటూరులో ముదస్సిర్ ఆఫీసు బట్టల అంగళ్ళ పైన, ఇరుకు మెట్లెక్కితే వస్తుంది. గోడ నిండా విమానాల బొమ్మలు, మక్కా ఫోటో, ఒక పెద్ద గడియారం. అబ్దుల్ వాహిద్ ప్లాస్టిక్ కుర్చీలో మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. లారీల ఇంజన్లు విప్పి బిగించిన చేతులు అవి, పని లేక ఒకదాన్నొకటి పిసుక్కుంటున్నాయి. పెళ్ళాన్ని, ఆమె చంకలోని మూటను చూసి లేచి నిలబడ్డాడు.

"ఇంట్లో ఉండమంటి గదమే. ఏందది?"

"మీ నాయన ఆస్తి," అంది హసీనా. "కబురేమన్నా వచ్చెనా?"

అబ్దుల్ వాహిద్ ముదస్సిర్ వంక చూశాడు. ముదస్సిర్ తన ఫోను వంక చూశాడు. మనుషులు ఇట్లా ఒకరి ముఖం ఒకరికి తోసేసుకుంటున్నారంటే మంచి కబురు కాదని చంటిపిల్లకైనా తెలుస్తుంది.

"చెప్పప్పా," అంది హసీనా.

ముదస్సిర్ చెడ్డవాడు కాదు. మనుషుల్ని విమానం ఎక్కించడం తెలుసు గాని ఇట్లాంటి మాటలు చెప్పడం తెలియదు. గొంతు సవరించుకున్నాడు. "అక్కా, ఇప్పుడే కంపెనీ వాళ్ళు మెసేజి పెట్టినారు. ఓడ... ఓడ మునిగిపోయిందంట. పైనుంచి విమానంలో ఎతుకుతాండారు. ఓడలో ఉండే చిన్న పడవ, ప్రాణం మీదికొస్తే దిగేది, అది కనపడిందంట."

"పడవ కనపడిందా? అయితే నా కొడుకు?"

"పడవలో ఎవరూ లేరంటక్కా. ఒట్టి పడవే తేలతాందంట. ఇంకా ఎతుకుతానే ఉండారు."

హసీనా ఏడవలేదు, అరవలేదు. చంకలోని మూటను కిందికి దించి, దుప్పటి ముడి విప్పకుండానే, ఆ గుడ్డ మీద చేయి పెట్టింది. లోపల పడవ ఎక్కడుంటుందో ఆమెకు కళ్ళు మూసుకున్నా తెలుసు. సరిగ్గా నడిమధ్య. ఒట్టి పడవ.

"నేను పులివెందులకు పోతాండా," అంది.

"ఇప్పుడా? ఏంటికి?"

"మీ అమ్మకు ఈ పటం అప్పజెప్పి వస్తా. ఇన్నేండ్లు నా నెత్తిన పెట్టింది గదా ఒట్టి పడవను, ఆమె నెత్తినే కొడతా. నా కొడుకును తిన్న పటం నా ఇంట్లో ఉండకూడదు."

అబ్దుల్ వాహిద్ ఏదో అనబోయి ఊరుకున్నాడు. ఏమంటే ఏమవుతుందోనని ముప్పై ఏళ్ళ కాపురంలో నేర్చుకున్న తెలివి అది. తను రాలేడు, ఫోను వస్తే ఇక్కడికే వస్తుంది. మెట్ల దాకా మూట మోసుకొచ్చి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు ఆమె భుజం మీద చేయి వేశాడు, నలుగురూ చూస్తుండగా ఆయన అట్లా చేయడం అదే మొదటిసారి.

వీరపునాయునిపల్లె మీదుగా పోయే బస్సు దొరికింది. కిటికీ పక్కన సీటు. మూట కాళ్ళ మీద నిలబెట్టుకుంటే గడ్డానికి తగులుతోంది. ఎర్రగుంట్ల దాటాక వీరపునాయునిపల్లెలో ఒక పెద్దామె ఎక్కి పక్కన కూర్చుంది. చేతికి మందపాటి బంగారు గాజులు, నుదుట రూపాయి కాసంత బొట్టు, బస్సంతా తన ఇంటి వసారా అన్నట్టు చూపు. పేరు శ్యామలమ్మ అని, ఆ ఊళ్ళో తమది పెద్ద వ్యవసాయమని, కారు రిపేరైతే బస్సెక్కాల్సి వచ్చిందని అడగకుండానే చెప్పింది. హసీనా ఫోను ఒకసారి చూసుకుంది. చార్జింగు అయిపోయి నల్లగా ఉంది. పొద్దుటి నుంచి నిమిషానికోసారి దాన్ని వెలిగించి చూస్తే ఏ ఫోను మాత్రం తట్టుకుంటుంది?

స్పీడు బ్రేకరు మీద బస్సు ఎగిరింది. దుప్పటి జారి పటం బయటపడింది.

"అబ్బ, ఏం పటమమ్మా ఇది! సముద్రమే!" శ్యామలమ్మ ముందుకు వంగింది. "ఈ ఓడ మునుగుతాందే పాపం. పడవ ఒట్టిదేనా?"

"ఒట్టిదే," అంది హసీనా. ఆ ఒక్క మాట అని పెదవి కొరుక్కుంది.

శ్యామలమ్మ ఆమె ముఖం చూసి తగ్గింది. అయినా ఉండలేక, పడవ మీది నల్లటి మరకను చూపుడువేలితో తాకింది. వేలికి నలుపు అంటుకుంది. వేలిని బొటనవేలితో రాసి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఏందిది, రంగు కాదే. జిడ్డుగా ఉండాది. మా మనవనికి పెట్టే దిష్టి చుక్క మాదిరి."

"పాతది. ఎండకు కరగతాందేమో," అని హసీనా దుప్పటి లాగేసింది. పటం కారిపోతే కారిపోనీ, అదీ పోతుంది, పీడా పోతుంది. వేంపల్లెలో దిగిపోతూ శ్యామలమ్మ ఆమె చేయి పట్టుకుంది. "ఏం కష్టమో నాకు తెల్దు తల్లీ. నీళ్ళన్నా తాగు" అని తన నీళ్ళ బాటిలు వదిలేసి పోయింది. హసీనా తాగలేదు. బాటిలు మాత్రం గట్టిగా పట్టుకుంది, పులివెందుల దాకా.

రిహానా ఇల్లు మసీదు వెనక సందులో ఉంది. వాకిట్లో చిన్న చలువ బండల అరుగు, లోపల ఒక గది, ఒక వంటిల్లు. రిహానా ఎదురొచ్చి, "వదినా, అన్న చెప్పినాడు. అమ్మకు ఓడ మునిగిందని చెప్పినా, పడవ సంగతి చెప్పలే" అంటూనే ఉంది. హసీనా ఆమెను దాటుకుని లోపలికి పోయింది. గులాబ్‌బీ మంచం మీద దిండ్లకు ఆనుకుని తస్బీ పూసలు తిప్పుతోంది. ఎనభై దాటిన మనిషి, పిడికెడంత అయిపోయింది, కళ్ళు మాత్రం ఇంకా సూదుల్లా ఉన్నాయి.

హసీనా దుప్పటి లాగి పారేసి, పటాన్ని మంచం ఎదురుగా గోడకు ఆనించి నిలబెట్టింది.

"తీసుకో అత్తా. నీ సముద్రం నువ్వే పెట్టుకో. నా కొడుకు పోయినాక ఇంక నాకేంటికి?"

గులాబ్‌బీ తస్బీ ఆగింది. "పోయినాడని ఎవరు చెప్పినారు?"

"పడవ దొరికింది. ఒట్టి పడవ! ఇందులో ఉండేదే, సూడు. దీన్ని సూస్తా పెరిగినాడు వాడు. ఈ పటం గోడకు పెట్టిన రోజే వాని రాత రాసినావు నువ్వు. పడవలో ఎవరూ లేరు, ఎవరూ లేరు!" అప్పుడు వచ్చింది ఏడుపు. పొద్దుటి నుంచి తిరిగిన తిరుగుడంతా ఏడుపై వచ్చింది. గది నడుమ నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, చిన్నపిల్లలా ఏడ్చింది. రిహానా పట్టుకోబోతే విదిలించుకుంది.

ముసలామె కోడలిని ఏడవనిచ్చింది. పటం వంక చాలాసేపు చూసింది. తర్వాత, "రిహానా, కొబ్బరినూనె తే. పాత గుడ్డ ఒకటి, మెత్తనిది" అంది.

"ఇప్పుడు నూనేంటికమ్మా?"

"తెమ్మంటాండా గదా."

తెచ్చాక, పటాన్ని మంచం మీదికి, తన ఒడిలోకి పెట్టించుకుంది. గుడ్డను వేలికి చుట్టి, నూనెలో ముంచి, పడవ మీది మరకను మెల్లగా రుద్దింది. గుడ్డ నల్లబడింది. మళ్ళీ మడిచి మళ్ళీ రుద్దింది. నలుపు కింద నుంచి మొదట ఒక ఎర్ర చుక్క బయటపడింది. అది టోపీ. టోపీ కింద ఒక ముఖం, గోరంత ముఖం, నోరు తెరిచి ఏదో అరుస్తున్న ముఖం.

హసీనా ఏడుపు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"ఏంది అత్తా ఇది?"

"కాటిక," అంది గులాబ్‌బీ, రుద్దుతూనే. "ఆముదం దీపానికి పట్టిన కాటిక. నేనే పూసినా. మీ మామ ఈ పటం తెచ్చినప్పుడు ఇల్లంటే ఆ ఒక్క నడవే. నమాజు ఆడనే చెయ్యల్ల. మొహాలుండే బొమ్మల ముందర నమాజు ఎట్ల చేస్తారు? అట్లాంటి ఇంట్లోకి ఫరిష్తాలు రారని మా అమ్మ చెప్పింది. దేవుని దయ తెచ్చే ఆ దూతలు గడపలోనే నిలబడిపోతారంట. పటం తీసేయమంటే మీ మామ తియ్యడు. అప్పుడు ఆలోచన చేస్తి. ఓడకు ప్రాణం లేదు, నీళ్ళకు లేదు. ప్రాణముండేది మనుషులకే గదా. మనుషుల్ని మూసేస్తి. కరిగిపోకుండా రంజాన్ రంజాన్‌కూ మళ్ళా పూస్తాంటి."

"మామకు తెలుసునా?"

ముసలామె బుగ్గలు కొంచెం ఎర్రబడ్డాయి. ఆ వయసులో కూడా. "తెలీదు. పటం ముందర నిలబడి, మనుషులు కనపడ్డం లేదు, నా సూపు పోతాందనేవాడు. ప్రొద్దుటూరు పోయి కండ్లద్దాలు గూడా తెచ్చుకున్యాడు. అద్దాలు బాగలేవని అంగడోనితో కొట్లాడినాడు." రిహానాకు నవ్వొచ్చింది, ఆపుకోలేక బయటికి పోయింది. ఎంత దుఃఖంలోనైనా ముసలాయన అద్దాల అంగడివాడితో కొట్లాట తలచుకుంటే ఎవరికైనా నవ్వొస్తుంది మరి.

హసీనా మంచం పక్కన మోకాళ్ళ మీద కూలబడింది. అత్త చేతిలో గుడ్డ లాక్కుని తనే రుద్దడం మొదలుపెట్టింది. "మెల్లగా, మెల్లగామే, రంగు లేస్తాది" అంటోంది గులాబ్‌బీ. తెడ్డు వేస్తున్న ఇద్దరు. పడవ అంచు పట్టుకుని వాంతి చేసుకుంటున్న ఒకడు. గడ్డం ఉన్న పెద్దాయన ఒక కుర్రవాణ్ణి రెక్క పట్టుకుని ఉన్నాడు. పడవ నిండా జనమే. ఆ గోడ కింద ఎన్ని వేల సార్లు నడిచిందో ఆమె, అన్ని రోజులూ వీళ్ళు ఇక్కడే, ఆ నలుపు కింద, అరుస్తూనే ఉన్నారు.

"అందరూ ఒకే తట్టు సూస్తాండారు," అంది హసీనా.

"ఆ. ఆ తట్టు గూడా తుడువు."

కుడివైపు ఓడ అంచు మీద ఒక మరక ఉంది. అక్కడి నుంచి పడవ దాకా సన్నటి గీత, రంగు పగిలిన గీత అనే అనుకునేది హసీనా. మరక తుడిచేసరికి ఓడ అంచు మీద నుంచి సగం కిందికి వంగిన మనిషి బయటపడ్డాడు. ఆ గీత అతని చేతిలోంచి వస్తోంది. అది తాడు.

గులాబ్‌బీ వెనక్కి ఆనుకుంది. ఆయాసపడుతోంది. "ఇప్పుడు చెప్పు. ఈళ్ళందరూ తాడు పట్టుకోని ఆ ఓడెక్కినాక, పడవలో ఎవరుంటారు?"

హసీనా చూపు తాడు వెంబడి పడవ దాకా పోయి, తిరిగి ఓడ మీదికి వచ్చింది.

"ఎవరూ ఉండరు. ఒట్టి పడవే తేలతా పోతాది. దానికేమన్నా తాళమేసి కావలి పెడతారా? ఒట్టి పడవంటే మునిగినారనీ కావచ్చు, ఎక్కినారనీ కావచ్చు. నువ్వు ఒకటే తట్టు ఏడుస్తాండావు."

నమ్మాలని ఉంది. నమ్మితే ఎక్కడ అబద్ధమవుతుందోనని భయంగా ఉంది. హసీనా లేచింది, తలుపు దాకా పోయింది, తిరిగొచ్చింది. ఆ పడవలోని ముఖాలు ఒక్కొక్కటే చూసింది. షాకీర్ లాంటి ముఖం ఏదీ లేదు, అందరూ తెల్లవాళ్ళే. అయినా ఆ కుర్రవాడి వైపు మళ్ళీ మళ్ళీ చూసింది, వాడి రెక్క పట్టుకున్న పెద్దాయన వైపూ చూసింది. వదలొద్దు నాయనా, అని లోపల్లోపల ఆ పెద్దాయనను వేడుకుంది. మధ్యాహ్నం నమాజు వేళ దాటింది. రిహానా అన్నం పెట్టుకొచ్చింది, అది చల్లారిపోయింది.

రిహానా ఫోను మోగింది. అన్న, అంది రిహానా, తీసి చెవి దగ్గర పెట్టుకుని, వెంటనే వదినకు ఇచ్చేసింది.

అవతల అబ్దుల్ వాహిద్ ఏడుస్తున్నాడు. మాట రావడం లేదు. తండ్రి చనిపోయినప్పుడు కూడా బావి దగ్గరికి పోయి ముఖం కడుక్కొచ్చిన మనిషి ఆయన. హసీనా ఒక్క చేత్తో పటం ఫ్రేమును పట్టుకుంది. అయిపోయింది అనుకుంది. అయిపోయింది, చెప్పేసెయ్, అనుకుంది. ఫోను ఎవరో లాక్కున్నారు. ముదస్సిర్ గొంతు. "అక్కా! దొరికినారక్కా! చేపలు పట్టే పెద్ద బోటోళ్ళు ఎక్కించుకోని పోయినారంట నిన్ననే! వాళ్ళ రేడియో పని చేయలేదంట, ఇప్పుడే ఒడ్డుకు చేరినారు. ఉండు, లైన్లో కలుపుతాండా, ఉండు!"

గరగరలు. తర్వాత, బొంగురుపోయిన ఒక గొంతు. "మా."

హసీనాకు ఆ ఒక్క అక్షరం చాలు. ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట మాత్రం ఇది: "ఏసీ మెకానిక్కు అంటివి గదరా దొంగ సచ్చినోడా!"

"ఏసీనే మా... ఓడలో గూడా ఏసీ ఉంటాది..."

"నోరు ముయ్యి! దెబ్బలేమన్నా తగిలినాయా?"

"ఎడం చెయ్యి నలిగింది. కట్టు కట్టినారు. ఏం కాలేదు మా, అందరం బాగుండాం. ఒక పగలు, ఒక రాత్రి పడవలోనే ఉంటిమి. వాళ్ళొచ్చి తాడేసినారు. ఎక్కినాక పడవను వదిలేస్తిమి."

"తాడేసినారా?" హసీనా పటం వంక చూసింది. వంగిన మనిషి చేతిలో తాడు అట్లాగే ఉంది.

"ఆ. నువ్వు యాడుండావు మా? నీ ఫోను కలవడం లేదు."

"మీ జేజి తావ ఉండా. ఓడల పటం తెచ్చినా." ఆమె వేలితో పడవలోని కుర్రవాణ్ణి తాకింది. "నువ్వు చిన్నప్పుడు అడిగినావు గదరా, పడవలో వాళ్ళు యాడికి పోయినారని. యాడికీ పోలేదురా. దాంట్లోనే ఉండారు. అందరూ ఉండారు. నాకే తెలీలేదు."

అవతల ఇరవై నాలుగేళ్ళ వాడు, ఓడ మునిగినా మంచి ధైర్యంగా మాట్లాడిన వాడు, వెక్కి వెక్కి ఏడవడం వినిపించింది. హసీనా ఆ ఏడుపును ఆపమనలేదు. చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుంది.

ఫోను పెట్టేశాక ఆమె గోడకు వీపు ఆనించి నేల మీద కూర్చుంది. కూర్చున్నానన్న సంగతి కూర్చున్నాక తెలిసింది. చల్లారిన అన్నం కంచం దగ్గరికి లాక్కుని, శ్యామలమ్మ ఇచ్చిన నీళ్ళు తాగుతూ, మెతుకు వదలకుండా తినేసింది.

మసీదు నుంచి పొద్దువాలే వేళ చేసే అస్ర్ నమాజు పిలుపు వినిపించింది. గులాబ్‌బీ దిండు కింద చేయి పెట్టి కాటుక భరిణె తీసింది. ముసలివాళ్ళు ఎక్కడికి పోయినా కొన్ని వస్తువులు వదలరు. మూత తీసి, చూపుడువేలు ముంచింది. హసీనాకు అర్థమైంది. నమాజు వేళ, ముఖాలున్న పటం, ఒకటే గది.

"అత్తా, వద్దు," అంది. దగ్గరికి జరిగి పటానికి చేయి అడ్డం పెట్టింది. "ఈళ్ళను మళ్ళా మూసేయొద్దు. నీ కాళ్ళు పట్టుకుంటా."

"చెయ్యి తియ్యి."

"వద్దత్తా."

"తియ్యమంటాండా గదా."

హసీనా తీసింది. ముసలామె ఆ వేలితో, ముఖాలు దేనికీ తగలకుండా చూసుకుని, పడవ పక్కన చెక్క మీద, చంటిపిల్ల బుగ్గ మీద పెట్టినట్టు, ఒకే ఒక్క దిష్టి చుక్క పెట్టింది. వేలిని తలకు రాసుకుంది. తర్వాత రిహానాను పిలిచి జానమాజు చాప చేతికిచ్చింది.

"దీన్ని బయట అరుగు మీద పరుచు. నన్ను పట్టుకోని పో."

"బయట ఎండమ్మా."

"ఉండనీ," అంది గులాబ్‌బీ, కూతురి భుజం మీద బరువు వేసి లేస్తూ. "లోపలికి రాలేకుంటే, ఫరిష్తాలు ఆడికే వస్తారు."